పదహారు గడుల నడక

కృపావతి తోలు మీద చెయ్యి వేసి ఒక్క దెబ్బ కొట్టి ఎరగదు. అయినా చీరాల చుట్టుపక్కల ఏ పెళ్ళి ఊరేగింపులో కుర్రాళ్ళు చొక్కాలు తడిసేలా గంతులేసినా, ఏ సువార్త సభలో జనమంతా ఒక్కసారిగా చప్పట్లు చరిచినా, అందులో సగం పాపం ఆవిడదే. ముందుగది గోడలకు పాత బొంతలు కొట్టి, దానికి స్టూడియో అని పేరు పెట్టుకుని, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చేసే పని అది. తెర మీద పదహారు గడులు వరసగా ఉంటాయి. ఏ గడి మీద నొక్కితే అక్కడ దెబ్బ పడుతుంది, నొక్కని చోట నిశ్శబ్దం. ఒక వరస కిక్‌ది, ఒకటి స్నేర్‌ది, ఒకటి చిన్న తాళాల చప్పుడులాంటి హై-హాట్‌ది. వెలుగు గీత ఒకటి ఎడమ నుంచి కుడికి పరుగెత్తి, చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొస్తుంది. అక్కడ డ్రమ్మూ లేదు, కర్రా లేదు. లోతైన స్వరం ఒకదాన్ని గబుక్కున కిందికి జారిస్తే గుండెల మీద గుద్దినట్టు కిక్ పుడుతుంది. వాన హోరులాంటి రొదను తీసుకుని తోక కత్తిరిస్తే స్నేర్. ఇలా గాల్లోంచి డప్పులు పుట్టించడంలో ఆవిడది అందె వేసిన చెయ్యి.

మొగుడు జీవరత్నానిది దీనికి సరిగ్గా అడ్డం తిరిగిన వ్యవహారం. ఆర్కెస్ట్రాలో రిథమ్ ప్యాడ్స్ వాయించేవాడు. అతను వాయించింది రికార్డు చేసి తెర మీద చూస్తే ఒక్క దెబ్బయినా గడి గీత మీద పడి ఉండేది కాదు. ఒకటి వెంట్రుకవాసి ముందు, ఇంకొకటి వెంట్రుకవాసి వెనక. కృపావతి నవ్వుకుంటూ అన్నిటినీ పట్టి గడుల్లో కూర్చోబెట్టేది. దానికి ఒక్క మీట నొక్కితే చాలు, ప్రార్థనకు నిలబడ్డ బడిపిల్లల్లా దెబ్బలన్నీ వరసలోకి వచ్చేస్తాయి.

"చంపేశావు కదే దాన్ని," అనేవాడు వెనక నిలబడి చూస్తూ. "ఆ కాస్త వెనకబాటే నా కూడు."

"మీ కూడు సంగతి నాకు తెలవదు గానీ, ఇట్టాగే డీజే బాక్సుల్లో వేస్తే గందరగోళంగా ఉంటది," అనేది ఆవిడ. దిద్దినవి దాచి, అతను వాయించిన అసలు ముక్కల్ని తీసి పారేసేది. ఇల్లు ఊడ్చాక చెత్త దాచుకుంటామా ఏం? అదీ ఆవిడ లెక్క.

ఆ ఏడు వానాకాలంలో జీవరత్నానికి మెదడువాపు జ్వరం వచ్చింది. ప్రాణం గట్టిది, బయటపడ్డాడు. మనిషి మనిషిలాగే ఉన్నాడు. ముఖాలన్నీ గుర్తుపట్టాడు. పోయిన క్రిస్మస్‌కి పట్టుచీర కొనలేదని తల్లి దీనమ్మ అలిగిన సంగతి కూడా మరచిపోలేదు, అదొక్కటీ మరచిపోయినా బాగుండేది. పోయింది ఒక్కటే. ఒంటికంతటికీ లోపల్నుంచి తాళం వేసే చోటు ఏదో మెదడులో ఉందట, జ్వరం దాన్ని కాల్చేసింది.

తాళం పోతే ఏం పోతుందిలే, పాటే కదా అనుకుంటాం. నడక తాళం. మాట తాళం. గుటక వేయడం కూడా తాళమేనని కృపావతికి అప్పుడే తెలిసింది. నాలుక ఎప్పుడు నెట్టాలి, గొంతు ఎప్పుడు తెరుచుకోవాలి, ఊపిరి ఎక్కడ ఆగాలి అన్నది మనం ఎప్పుడైనా ఆలోచించామా? జీవరత్నం గడప దాటబోతే ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయేది. మాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుకునేవి. అన్నం ముద్ద కడుపులోకి బదులు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చింది. అది తగ్గీ తగ్గకముందే మళ్ళీ వచ్చింది. ముక్కులోంచి గొట్టం వేసి జావ పోయడం మొదలుపెట్టారు.

"గుటక కుదరకపోతే ఇది మళ్ళీ మళ్ళీ వస్తుందమ్మా. ఇంకోసారి వస్తే తట్టుకోలేడు," అన్నారు ఆస్పత్రిలో.

విజయవాడలో డాక్టర్ శాంభవి ప్రయోగశాల ఉందని చెప్పింది అక్కడి నర్సే. వెళ్ళి చూస్తే ఆవిడది నెరిసిన జుట్టు, కాటన్ చీర, కాళ్ళకు పరుగుపందేల బూట్లు. చెవి వెనక ఎముకకు అంటించే బిళ్ళ ఒకటి ఆవిడ తయారుచేసింది, చొక్కా గుండీ కంటే కాస్త పెద్దది. జేబులో పెట్టుకునే చిన్న పెట్టె నుంచి దానికి దెబ్బలు అందుతాయి. బిళ్ళ వాటిని లోపలికి, కాలిపోయిన చోటు పక్కకు పంపుతుంది. బయటివాళ్ళకు ఏమీ వినపడదు. పెట్టుకున్న మనిషికి మాత్రం లోపల్నుంచి ఎవరో వేలితో తడుతున్నట్టు ఉంటుంది.

మొదట గడియారంలా టిక్కు టిక్కు మనే దెబ్బ పెట్టారు. జీవరత్నం వరండాలో నాలుగడుగులు వేశాడు. కృపావతి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అంతలోనే ఎత్తిన కాలు గాల్లో ఆగిపోయింది.

"ఎవరికైనా ఇంతే," అంది డాక్టర్ శాంభవి నిట్టూర్చి. "కాసేపటికి మెదడుకి విసుగొస్తుంది. గోడ గడియారం చప్పుడు మనకి వినపడ్డం మానేస్తుందే, అలాగ. మీరేం చేస్తుంటారమ్మా?"

"పాటలకి రిథమ్ ప్రోగ్రామింగ్ చేస్తానండి. కంప్యూటర్లో."

"మరి ఇంతసేపూ చెప్పరేం?" అంటూ ఆవిడ తన కుర్చీ లేచి ఇచ్చేసింది.

ఆ రోజు నుంచి ప్రయోగశాలలో ఒక బల్ల కృపావతిదయిపోయింది. మడమ ఆనేచోట కిక్ పెట్టింది. వేళ్ళు నేలను నెట్టేచోట హై-హాట్ పెట్టింది. బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారేచోట స్నేర్‌ను మెత్తగా చేసి పెట్టింది. గడులు వెలిగే కొద్దీ జీవరత్నం నడిచాడు. క్యాంటీన్ దాకా వెళ్ళి, అక్కడ టీ తాగేవాళ్ళను కాస్త అసూయగా చూసి, తిరిగొచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు ఆ దెబ్బా పాతబడిపోయింది. కృపావతి మార్చింది. మార్చినదీ పాతబడింది. సరి గడులన్నిటినీ కాస్త వెనక్కి జరిపే స్వింగ్ మీట తిప్పి చూసింది. దెబ్బల్ని ఇష్టం వచ్చినట్టు చెదరగొట్టి చూసింది. జీవరత్నం తాగుబోతులా తూలాడు. అడ్డదిడ్డం వేరు, ఒడుపు వేరు.

"ఆయన వాయించిందే ఏదైనా ఉందా మీ దగ్గర?" అని అడిగింది డాక్టరు. "సొంత లయ అయితే మెదడు పరాయిదనుకోదు. విసుక్కోదు."

"ఉందండీ! బోలెడుంది!" అని కృపావతి సంచిలోంచి హార్డ్ డిస్క్ తీసింది. ఏళ్ళ తరబడి వాయించిన పాటలు. ఒకటి తెరిచింది. దెబ్బలన్నీ గీతల మీద బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. ఇంకొకటి తెరిచింది. అదీ అంతే. పెళ్ళి పాటలు, క్రిస్మస్ పాటలు, ఎన్నికల పాటలు, అన్నీ తన చేత్తో దిద్దినవే. ఎక్కడో ఒకచోట దిద్దడం మరచిపోయి ఉండకపోతానా అని సాయంత్రం దాకా వెతికింది. పెళ్ళి వీడియోల్లో అతని దెబ్బ పాటలో, జనం గోలలో కలిసిపోయి ఉంటుంది, విడిగా తీయడానికి రాదు. పనిలో అంత శుభ్రం ఏడ్చింది మరి! చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? మొగుడి లయను ఒక్కో దెబ్బా ఏరి పారేసింది తానేనని తెలిసి, ఆ బల్ల మీదే తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

డాక్టర్ శాంభవి ఓదార్చలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఇంకో దారుంది. చెప్పకూడదనే అనుకున్నాను," అంది చివరికి. "బతికున్న మనిషి నుంచి లయ అచ్చు తీయొచ్చు. పరాయివాళ్ళ లయకి ఉత్త రికార్డు చాలదు, అది లోపల ఎట్లా పుడుతుందో కూడా పట్టాలి. వాళ్ళు వాయిస్తుంటే ఇదే బిళ్ళతో ఆ లయను దాని దారిలోంచి పక్కకి లాగి వదలాలి, ఎట్లా తిరిగొస్తుందో చూడాలి. మళ్ళీ లాగాలి. అట్లా ఎన్నోసార్లు. లాగీ లాగీ వదిలిన ఎలాస్టిక్ ఏమవుతుంది? ఆఖరికి సాగిపోయి ఊరుకుంటుంది. ఇచ్చినవాళ్ళకి నడకా తిండీ పోవు, వాటి వేళ్ళు లోతు. చేతిలో లయ మాత్రం పోతుంది. మళ్ళీ రాదు."

"నాది తీసుకోండి," అంది కృపావతి, ఆవిడ మాట పూర్తి కాకముందే.

తీసి చూశారు. కృపావతి బల్ల మీద వేళ్ళతో వాయిస్తుంటే, తెర మీద దెబ్బలు అచ్చం గీతల మీదే పడ్డాయి. లాగడానికి అందులో ఏమీ లేదు.

"ఇన్నేళ్ళు గడుల్లో కాపురం చేశారు కదా," అంది డాక్టరు. పొగడ్తో తిట్టో కృపావతికి అర్థం కాలేదు.

ఆ వారంలోనే నాగుల్ మీరా చూడటానికొచ్చాడు. ఆర్కెస్ట్రాలో డోలక్ అతనిదే. స్టేజీ మీద జీవరత్నం ప్యాడ్స్ పక్కన కుడివైపు చోటు అతనిది, అందులో ఇంకెవరైనా కూర్చుంటే జీవరత్నానికి చేతులాడేవి కావు. పొట్ట ముందూ మనిషి వెనకా వచ్చే రకం. వస్తూనే జోకులు మొదలుపెట్టాడు. గొట్టంలోంచి జావ పోస్తున్న దృశ్యం చూసి, చెప్పబోయిన జోకు మింగేసి, బయటికొచ్చి నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, నిజం చెప్పు. వాడు బతుకుతాడా?"

కృపావతి అంతా చెప్పేసింది. హార్డ్ డిస్క్ సంగతి, డాక్టరు చెప్పిన దారి, తన చేతి సంగతి. చెప్పాక నాలుక కరుచుకుంది. తాను అడగకుండానే అడిగినట్టయిందని అప్పుడు తట్టింది.

"అన్నా, నేను నీతో ఇందుకు చెప్పలా. కడుపులో పెట్టుకోలేక చెప్పానంతే. నువ్వేం మనసులో పెట్టుకోమాక."

నాగుల్ మీరా విన్నాడో లేదో. "వాడూ నేనూ కలిసి వాయించి వాయించి, ఎవడి దెబ్బ ఎవడిదో మాకే తెలవదు," అన్నాడు. "నాది వాడికి అతుకుద్దా, లేదా? అది అడుగు ఆ మేడమ్‌ని."

"వద్దన్నా. డోలక్ లేకపోతే నువ్వేమైపోతావు?"

"వాడు ముక్కులోంచి జావ తాగతంటే నేను డోలక్ వాయించి ఎవురికి వినిపించాలి? ఆ పక్క చోట ఎవుడు కూచుంటాడు?" కోపంగానే అన్నాడు. మళ్ళీ వెంటనే నవ్వాడు. "అయినా నాకు ఇంకో విద్య ఉందిలే. బిర్యానీ బెమ్మాండంగా వండుతా."

డాక్టర్ శాంభవి అతన్ని రెండుసార్లు ఇంటికి తిప్పి పంపింది. అతకొచ్చు గానీ బాగా ఆలోచించుకోమంది, భార్యను అడగమంది. మూడోసారి వచ్చినప్పుడు మీరా ఒక షరతు పెట్టాడు. జీవరత్నానికి చెప్పకూడదు, చెప్తే వాడు చచ్చినా బిళ్ళ పెట్టుకోడు.

"దాచిపెట్టి వైద్యం చేయడం నాకు ఇష్టం లేదు," అంది డాక్టరు. "నోటితో తినేదాకా ఆగుతాను. ఆ తర్వాత మీ ఇద్దరిలో ఎవరో ఒకరు చెప్పి తీరాలి." సరేనన్నారు మీరా, కృపావతి.

ప్రయోగశాల మధ్యలో చాప పరిచారు. నాగుల్ మీరా బాసింపట్టు వేసుకుని, చెవి వెనక బిళ్ళ అంటించుకుని, డోలక్ ఒళ్ళోకి తీసుకున్నాడు. ఒకసారి దాని తాళ్ళు సవరించి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. కృపావతి ల్యాప్‌టాప్‌లో గడులు ఒక్కొక్కటే వెలిగాయి. ప్రతి దెబ్బా గీతకు ఇటో అటో, మూడో దెబ్బయితే ప్రతిసారీ కాస్త ఆలస్యంగా, పెళ్ళివారింట్లో పెదనాన్నలా తాపీగా వచ్చి కూర్చుంటోంది. అలవాటుపడ్డ ప్రాణం! దిద్దే మీట మీదికి కృపావతి వేలు దానంతటదే వెళ్ళింది. రెండో చేత్తో ఆ చేతిని గట్టిగా పట్టుకుని, ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఆ వంకరలన్నీ ఉన్నవి ఉన్నట్టు రావాలి. జీవితంలో మొదటిసారి, వంకరగా ఉన్నదాన్ని అలాగే ఉండనిమ్మని దేవుణ్ణి వేడుకుంది.

మధ్యాహ్నానికి మీరా ఎడంచెయ్యి తడబడింది. నవ్వేసి, నుదుటి చెమట తుడుచుకుని మళ్ళీ అందుకున్నాడు. ఇంకొంచెం సేపటికి కుడిచెయ్యి. డాక్టరు చెయ్యెత్తి "ఆపేద్దామా?" అంది. అతను తల అడ్డంగా ఊపాడు. చివర్లో వినలేకపోయింది కృపావతి. సంచీలోంచి బంగాళాదుంపలు నేలమీద దొర్లిపోతున్నట్టు దెబ్బలు ఎటు పడితే అటు పోతున్నాయి. మీరా కళ్ళు తెరిచి డోలక్ కేసి, తన చేతుల కేసి చూసుకున్నాడు.

"అంతా ఎక్కిందా చెల్లెమ్మా?" అన్నాడు.

"ఎక్కిందన్నా," అంది కృపావతి. లేచి వెళ్ళి అతని కాళ్ళు పట్టుకోబోతే అతను చటుక్కున కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"ఓయమ్మో, కితకితలు," అన్నాడు.

జీవరత్నం మెదడు ఆ లయను పరాయిదనుకోలేదు. మొదటిరోజు నడిచాడు. రెండోరోజూ నడిచాడు. పదోరోజుకి వరండా చివర ఉన్న మెట్లు ఎక్కి, దిగి, "ఏందే అట్టా చూస్తన్నావు?" అని పెళ్ళాన్ని అడిగాడు. మాట మాట మీద ఎక్కకుండా, దేని చోట అది నిలబడి వచ్చింది. కృపావతి అదే లయను నెమ్మది చేసి, కిక్‌ను బాగా తగ్గించి, గుటకకు ఒక వరస కట్టింది. ఒక ఉదయం పప్పుచారు కలిపిన మెత్తటి ముద్ద అతని నోట్లో పెట్టి, ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. గొంతు ఒకసారి పైకి లేచి కిందికి దిగింది. దగ్గు రాలేదు.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు జీవరత్నం.

అంత మంచి మాట కృపావతి తన కాపురంలో వినలేదు. దీనమ్మయితే ఆ ఉప్పు తక్కువైన కథను రైల్లో, ఆటోలో, వీధి కుళాయి దగ్గర కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పింది. చీరాల చేరిన మర్నాటికల్లా జనం జీవరత్నాన్ని చూడ్డానికి కాదు, ఆ కథ మిగతా సగం వినడానికి వచ్చారు.

డాక్టరుకిచ్చిన మాట మాత్రం అలాగే ఉండిపోయింది. రేపు చెబుదాం అనుకుంటుంది కృపావతి. రేపు అతను హాయిగా పెరుగన్నం తింటూ కనబడతాడు, నోరు రాదు. చెబితే ఆ బిళ్ళ పీకి పారేస్తాడేమోనని భయం. అటు మీరా ముఖం చూడాలన్నా బెరుకే. ఒకరోజు ధైర్యం చేసి వాళ్ళింటికి వెళ్ళింది. మీరా లేడు, భార్య జాన్‌బీ రొట్టెలు చేస్తోంది. పీట జరిపి కూర్చోమంది.

"అన్న ఎట్టా ఉన్నాడు వదినా?"

"బానే ఉన్నాడు. పెళ్ళిళ్ళకి వంటకి పోతన్నాడు. బిర్యానీకి పేరొచ్చింది." జాన్‌బీ పిండిముద్దను అరచేతుల మధ్య చరిచింది. "నేను ఇట్టా చరస్తంటే ఆ మూల కూచుని పళ్ళెం మీద తాళం వేసేవోడు. విసుగొచ్చి తిట్టేదాన్ని. ఇప్పుడు ఊరికే చూస్తా కూచుంటాడు. మొన్న పీర్ల పండక్కి తాషా డప్పు వేరేవోళ్ళు తీసుకున్నారు. ఈయన జనంలో వెనకమాల నడిచాడు."

కృపావతి తల దించుకుంది. "నా మీద కోపంగా ఉందా వదినా?"

"లేదంటే అబద్ధం. కొన్నాళ్ళు ఉండింది." జాన్‌బీ రొట్టెను పెనం మీద వేసింది. "నన్ను అడిగే పోయాడు ఆయన. వద్దంటే ఆగేవోడే. అందుకే వద్దనలా. ఆగిపోయినోడితో నేనెట్టా కాపురం చేసేది?" వేడి రొట్టె తీసి పళ్ళెంలో వేసి ముందుకు నెట్టింది. "తిను. రత్నం అన్న తింటన్నాడంటగా. ఆ మాట విన్న రోజు మా ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు."

ఆ రొట్టె తింటుంటే కృపావతికి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఇంతటి మనుషుల మధ్య తనను బతకనిచ్చినందుకు దేవుడికి ఎన్నిసార్లు స్తోత్రం చెప్పినా తక్కువే అనిపించింది.

క్రిస్మస్ నెల పుట్టకముందే ఇంటి ముందు షామియానా వేసి కృతజ్ఞతా కూడిక పెట్టారు. రోగం నుంచి బయటపడ్డవాళ్ళు నలుగురినీ పిలిచి, ప్రార్థన చేయించి, దేవుడు చేసిన మేలు అందరి ముందూ సాక్ష్యం చెప్పి, అన్నం పెట్టి పంపడం వాళ్ళలో ఆనవాయితీ. వీధంతా వచ్చింది. డాక్టర్ శాంభవి అవే బూట్లతో వచ్చి ముందు వరసలో కూర్చుంది. బిర్యానీ వండటానికి మీరా పొద్దున్నే వచ్చాడు. జాన్‌బీతో కలిసి ఆఖరి వరసలో, తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు.

జీవరత్నం సాక్ష్యం పొట్టిగా చెప్పాడు. నడవలేని నన్ను దేవుడు నడిపించాడు, మేడమ్ గారి చేతిని వాడుకున్నాడు, నా భార్య చేతిని వాడుకున్నాడు అన్నాడు. తర్వాత కృపావతి వంతు. మైకు పట్టుకుని దేవుడికి వందనాలు చెప్పింది, డాక్టరుకు చెప్పింది, అత్తగారికి కూడా చెప్పింది. ఇంకో పేరు నాలుక చివర నిలబడింది. ఆఖరి వరసలోంచి మీరా, వద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆవిడ ఆమెన్ అనేసి గబగబా కూర్చుంది.

పాస్టరు గారు పాపం, ఏమీ తెలియని మనిషి. పాట ఎత్తుకోబోతూ చూపు తిప్పి, "అదుగో మీరా గారున్నారుగా! డోలక్ లేకుండా కృతజ్ఞత పాటేంటి? రండి రండి," అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో డోలక్ తెచ్చి చేతుల్లో పెట్టేశారు. చేతి నొప్పని మీరా నసిగాడు. అన్నేళ్ళు వాయించినోడికి నొప్పేందయ్యా అని లాక్కొచ్చి చాప మీద కూర్చోబెట్టారు.

పాట మొదలైంది. మీరా కొట్టాడు. మొదటి దెబ్బ పాట కంటే ముందు పడింది, రెండోది ఎక్కడో పడింది. వేళాకోళం చేస్తున్నాడనుకుని పిల్లలు నవ్వారు. మళ్ళీ కొట్టాడు. పాట చెదిరి, తడబడి, ఆగిపోయింది. మీరా తల ఎత్తకుండా డోలక్ తోలును అరచేత్తో తుడుస్తూ కూర్చున్నాడు. ఇప్పుడెవరూ నవ్వలేదు.

జీవరత్నం అతన్నే చూస్తున్నాడు. చెవి వెనక బిళ్ళ లోలోపల తన పని తాను చేసుకుపోతోంది. ఇన్నాళ్ళూ కాళ్ళతో విన్నదాన్ని అతను మొదటిసారి చెవి పెట్టి విన్నట్టున్నాడు. తాపీగా, ప్రతిసారీ ఆలస్యంగా వచ్చే ఆ మూడో దెబ్బ. ఎన్ని స్టేజీల మీద దానికోసం చేతులు ఆపుకుని ఎదురుచూశాడో!

"కృపా," అన్నాడు. "నా లోపల ఉండేది ఎవరిది?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "అన్నదండీ," అంది ఆవిడ. "నేను మీది ఒక్క ముక్క కూడా మిగల్చకుండా పారేశాను. అన్న తనదంతా ఇచ్చేశాడు. మీరు తినాలని."

జీవరత్నం చెయ్యి చెవి వెనక్కి వెళ్ళింది. కృపావతి లేచేలోగా నాగుల్ మీరా ఒక్క ఉదుటున లేచి ఆ చేతిని పట్టేసుకున్నాడు.

"తీశావంటే చంపుతా రత్నం. ఇచ్చింది వెనక్కి తీసుకునే అలవాటు మా ఇంటా వంటా లేదు."

"నా కోసం నీ చెయ్యి చంపుకున్నావు కదరా."

"చంపుకోలేదు. నీ కాళ్ళకి పెట్టా."

జీవరత్నం ఏడుస్తున్నాడు. తర్వాత స్నేహితుణ్ణి భుజాలు పట్టి మళ్ళీ చాప మీద కూర్చోబెట్టాడు, డోలక్ ఒళ్ళో పెట్టాడు.

"వాయించు," అన్నాడు.

"రాదురా. చూశావుగా."

"చేతులకి రాకపోతే రాకపోనీ. కళ్ళున్నాయిగా. నా కాళ్ళు చూడు."

చెప్పులు విడిచి, అతని ఎదురుగా ఆ చాప మీద నడవడం మొదలుపెట్టాడు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. మడమ ఆనింది, మీరా చెయ్యి పడింది. ఇంకో మడమ, ఇంకో దెబ్బ. మొదట గోడ పట్టుకుని నడిచే పిల్లాడిలా బితుకుబితుకుమంటూ పడ్డాయి. తప్పిపోయినప్పుడు జీవరత్నం ఆగి, కాలు ఎత్తి పట్టుకుని, మీరా చూపు అందుకున్నాక దించాడు. కొంతసేపటికి దెబ్బా అడుగూ కలిశాయి. ఆ మూడోది మాత్రం, ఎప్పటిలాగే, అందరినీ కాస్త ఎదురుచూడనిచ్చి తాపీగా వచ్చింది. వెనక వరసలో జాన్‌బీ చేతులతో ముఖం కప్పుకుంది.

"పాడండి మరి! ఏం చూస్తన్నారు బొమ్మల్లాగా?" అని కసిరి దీనమ్మే ఎత్తుకుంది పాట. పాస్టరు గారు అందుకున్నారు, వీధంతా అందుకుంది. మీరా జీవరత్నం కాళ్ళ మీది నుంచి చూపు తిప్పకుండా వాయిస్తున్నాడు. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోవడం లేదు, నవ్వుతున్నాడు. అలసటతో జీవరత్నం మోకాళ్ళు వణకడం డాక్టర్ శాంభవి గమనించి కుర్చీ ముందుకు జరిపింది, కూర్చోమని సైగ చేసింది.

పాటకు ఇంకా రెండు చరణాలున్నాయి. జీవరత్నం కూర్చోలేదు.